ఎల్డర్‌బెర్రీ పెంచడం ఎలా: కొమ్మ నాటడం దగ్గర్నుంచి కాయ వండుకోవడం దాకా

ఎల్డర్‌బెర్రీ అంటే తెల్లటి పూగుత్తులు పూసి, చిన్న నల్లటి ఊదా రంగు కాయలు గుత్తులుగా కాసే పొద. దీని గురించి అడిగేవాళ్లు తిప్పి తిప్పి మూడే ప్రశ్నలు అడుగుతారు. "కొమ్మ గుచ్చితే చక్కగా చిగురేసింది, రెండు వారాలకే ఎండిపోయింది, ఎందుకు?" "పొద ఏపుగా పెరిగింది కానీ పూత లేదు, ఏం చేయాలి?" "కాయలు కోసి అలాగే తినేయొచ్చా?"

మూడోదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్తాను: తినకూడదు. ఎందుకో చివరి అడుగులో ఉంది. మొదటిదానికి కారణం తొందర. రెండోదానికి కారణం చాలాసార్లు ఒకటే: తోటలో ఉన్నది ఏ జాతో తెలియకుండా ఇంకో జాతికి చెప్పిన పద్ధతిలో నరికేయడం. మొండి మొక్క, ఒకసారి కుదురుకుంటే మనం చంపుదామన్నా చావదు. కానీ జాతి తెలియకపోతే కాయ మాత్రం కంటికి కనపడదు.

ఏమేం కావాలి

- పేరు తెలిసిన రెండు వేర్వేరు రకాల మొక్కలు లేదా కొమ్మ ముక్కలు
- పదునైన ప్రూనింగ్ కత్తెర, తుడవడానికి స్పిరిట్
- లోతైన కుండీలు, సగం ఇసుక, సగం కొబ్బరి పొట్టు లేదా బాగా మాగిన కంపోస్ట్
- నేల మీద పరవడానికి ఎండుటాకులు, గడ్డి లేదా చెక్క పొట్టు
- కాయల కాలానికి పక్షుల వల
- ఫ్రిజ్‌లో కాస్త చోటు (ఎందుకంటే కోత రోజున పనికొచ్చేది అదే)

1. ముందు జాతి తేల్చుకోండి

ఇంటి తోటల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. అమెరికన్ ఎల్డర్‌బెర్రీ, అంటే సాంబుకస్ కెనడెన్సిస్. ఆడమ్స్, యార్క్, నోవా, జాన్స్, బాబ్ గోర్డన్, వైల్డ్‌వుడ్ దీనిలోని రకాలు. మొదలు చుట్టూ నేలలోంచి కొత్త పిలకలు పుడుతూ ఏడు నుంచి పన్నెండు అడుగుల పొదగా పెరుగుతుంది. కెనడా చలి నుంచి ఫ్లోరిడా వేడి దాకా సహజంగా పెరిగే జాతి కాబట్టి వెచ్చని ప్రాంతాలవాళ్లు దీన్నే ఎంచుకోవాలి.

రెండోది యూరోపియన్, సాంబుకస్ నైగ్రా. హాష్‌బెర్గ్, శామ్‌డాల్, శామిల్ దీని రకాలు. పిలకలు తక్కువ, మాను ఎక్కువ, వదిలేస్తే ఇరవై అడుగులు కూడా ఎక్కుతుంది. నల్లటి ఆకులు, గులాబీ రంగు పూలతో అందం కోసం అమ్మే బ్లాక్ లేస్, బ్లాక్ బ్యూటీ కూడా ఈ జాతివే. సరైన చలికాలం లేని చోట దీని జోలికి వెళ్లకండి.

ఎర్ర కాయలు కాసే జాతి, సాంబుకస్ రేసిమోసా, ఇంకొకటుంది. దాన్ని చూసి ఆనందించండి, వంటకు వద్దు.

కొనేటప్పుడు చీటీ మీద "ఎల్డర్‌బెర్రీ" అని మాత్రమే ఉంటే పక్కన పెట్టేయండి. రకం పేరు ఉండాలి. పేరు చెప్పలేని మొక్కను తర్వాత ఎలా కత్తిరించాలో కూడా ఎవరూ చెప్పలేరు.

రెండు రకాలు ఎందుకంటే, ఒక్క మొక్క కూడా కొంత కాస్తుంది గానీ, ఒకే సమయంలో పూసే ఇంకో రకం అరవై అడుగుల లోపల ఉంటే కాపు బాగా పెరుగుతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే. ఒకే పొద నుంచి రెండు కొమ్మలు తెచ్చి నాటి, రెండు మొక్కలున్నాయి కదా అనుకుంటారు. ఒక పొద నుంచి ఎన్ని కొమ్మలు తెచ్చినా అవన్నీ ఒకే మొక్క కింద లెక్క.

హెచ్చరిక: అడవిలోనో కాలవ గట్టునో ఉన్న మొక్క నుంచి కొమ్మ తెచ్చుకుంటుంటే ఆకుల అమరిక చూడండి. ఎల్డర్‌బెర్రీలో ఆకులు కణుపుకు రెండు చొప్పున ఎదురెదురుగా వస్తాయి. ఒక్కో ఆకులో అయిదు నుంచి పదకొండు దాకా రంపపు అంచు చిట్టి ఆకులుంటాయి. కాండం కర్రబారి, బెరడు మీద గరుకు చుక్కలుంటాయి. తడి నేలల్లో పెరిగే వాటర్ హెమ్లాక్ తెల్లటి పూగుత్తులు దూరం నుంచి ఇలాగే కనిపిస్తాయి, అది ప్రాణం తీసే విషం. దాని ఆకులు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి, కాండం పచ్చిగా, గుల్లగా ఉంటుంది, కర్రబారదు. పోక్‌వీడ్ అనే విషపు మొక్కకీ నల్లటి కాయలే, కానీ కాయలు పొడవాటి కంకిలా వేలాడతాయి, ఆకు చీలికల్లేకుండా ఒకటే. ఏ కొంచెం అనుమానం ఉన్నా వదిలేయండి.

2. చోటు చూసుకోండి

రోజుకు ఆరు గంటల ఎండ పడే చోటు మంచిది. కాస్త నీడలో కూడా బతుకుతుంది, కాయ తగ్గుతుంది. మండిపోయే ఎండలున్న చోట మధ్యాహ్నం తర్వాత నీడ ఉంటే మొక్కకు హాయి. మొక్కకూ మొక్కకూ మధ్య ఏడెనిమిది అడుగులు వదలండి. నాటిన రోజున ఆ ఖాళీ చూసి ఇంకోటి ఇరికించాలనిపిస్తుంది. ఇరికించకండి.

నేల పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే బాగుంటుంది. అంతకంటే ముఖ్యం నీరు ఇంకడం. అడుగు లోతు గుంట తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. సాయంత్రం నింపిన నీళ్లు తెల్లారేసరికి ఇంకా నిలబడి ఉంటే అక్కడ నేరుగా నాటకూడదు. ముప్పావు అడుగు నుంచి అడుగు ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటండి. ఎల్డర్‌బెర్రీకి తడి ఇష్టం అని విని, నీళ్లు నిలిచే గుంటలో పెట్టి వేర్లు కుళ్లబెట్టుకున్నవాళ్లు చాలామంది.

బట్టలారేసే తీగకూ, కారు పెట్టే చోటుకూ దూరంగా నాటండి. కాయలు తిన్న పక్షుల రెట్ట ఊదా రంగులో ఉంటుంది, తెల్ల బట్ట మీద పడితే ఆ మరక వదలదు.

కుండీలో పెంచొచ్చా? పెంచొచ్చు. కనీసం రెండడుగుల వెడల్పు, అంతే లోతు ఉండాలి. వేసవిలో రోజూ నీళ్లు పోయాలి, కాపు మాత్రం నేలలో మొక్కతో పోలిస్తే తక్కువే.

3. కొమ్మ నాటడం

మీకు తెలిసినవాళ్ల తోటలో పొద ఉంటే కొమ్మ అడగడం మానేసి, వేరుతో సహా ఒక పిలక అడగండి. తల్లి మొక్క నుంచి అడుగు దూరంలో పుట్టిన పిలకను పారతో తవ్వి తెచ్చుకుంటే సగం పని అయిపోయినట్టే. గింజల దారి మాత్రం వద్దు. రెండు మూడు నెలలు వెచ్చని తడిలో, ఆ తర్వాత మూడు నాలుగు నెలలు చల్లని తడిలో ఉంచితే తప్ప మొలవవు. మొలిచినా తల్లి రకం రాదు.

పిలక దొరకనప్పుడు కొమ్మే. చలికాలంలో ఆకు రాలి, మొగ్గలు ఇంకా విచ్చుకోని సమయంలో తీయాలి.

అ) గడిచిన ఏడాది పెరిగిన కొమ్మ, పెన్సిల్ మందం ఉన్నది ఎంచుకోండి. కొస దగ్గరి సన్నటి భాగం పనికిరాదు. అడ్డంగా కోసి చూస్తే ఎందుకో తెలుస్తుంది: చుట్టూ పల్చటి కర్ర, లోపలంతా తెల్లటి బెండు. కర్ర మరీ పల్చగా ఉండి బెండే ఎక్కువుంటే మట్టిలో కుళ్లిపోతుంది. బెండు తెల్లగా, బెరడు గీరితే కింద పచ్చగా తడిగా ఉంటే కొమ్మ బతికున్నట్టు. బెండు గోధుమ రంగుకు తిరిగితే పారేయండి.

ఆ) ఎనిమిది నుంచి పది అంగుళాల ముక్కలు చేయండి. ముక్కకు కనీసం మూడు కణుపులుండాలి. కింది కోత కణుపుకు సరిగ్గా కింద ఏటవాలుగా, పై కోత కణుపుకు అంగుళం పైన అడ్డంగా కోయండి. ఇలా రెండు రకాలుగా కోస్తే తలకిందులుగా నాటే ప్రమాదం ఉండదు. నవ్వకండి, ఆకుల్లేని కొమ్మ ముక్కలు పది కలిసిపోతే ఎవరైనా తలకిందులు పెడతారు. అనుమానం వస్తే మొగ్గ కొన ఎటు చూస్తోందో అదే పై వైపు.

ఇ) రెండు కణుపులు మట్టిలో, ఒకటి పైన ఉండేలా గుచ్చి చుట్టూ మట్టి నొక్కండి. వెలుతురు తగిలే నీడలో పెట్టండి. మట్టి చేత్తో పిండితే వేలికి తడి తగలాలి, నీళ్లు కారకూడదు.

ఈ) ఇక ఆగండి. ఇక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. కొమ్మలో దాచుకున్న ఆహారంతో ముందు ఆకులు వస్తాయి, వేరు తర్వాత వస్తుంది. చిగురు చూసి వేరు పట్టిందనుకుని ఎండలోకి మారుస్తారు, ఎరువు వేస్తారు, లేదా పైకి లాగి చూస్తారు. ఆకులు నీళ్లు అడుగుతాయి, తాగడానికి వేరు లేదు, కొమ్మ ఎండిపోతుంది. నెల నుంచి రెండు నెలలు కదపకండి.

వేరు పట్టిందో లేదో చూసేదెలా? మొదటి ఆకుల తర్వాత ఆగి, మళ్లీ రెండో విడత ఆకులు కొత్తగా వస్తుంటే మంచి సూచన. కొమ్మను రెండు వేళ్లతో పట్టి చాలా మెల్లగా పైకి అంటే మట్టి పట్టుకున్నట్టు బిగువు తెలియాలి. కుండీ అడుగు రంధ్రంలో తెల్ల వేరు కనిపిస్తే ఇంక సందేహమే లేదు.

నీళ్ల సీసాలో కూడా వేర్లు వస్తాయి. రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి, వేర్లు అంగుళం దాటకముందే మట్టిలోకి మార్చాలి. నీళ్లలో పుట్టిన వేర్లు పుటుక్కున విరుగుతాయి, అందుకే నా ఓటు మట్టికే.

చలికాలంలో ఆకు రాలని వెచ్చని ప్రాంతమైతే, పూత లేని లేత రెమ్మలను అయిదారు అంగుళాల పొడవున తీసుకోండి. కింది ఆకులు తీసేసి, పైనున్న రెండు ఆకులను సగానికి కత్తిరించి నాటి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు కప్పండి. రోజూ ఒకసారి కవరు తీసి గాలి ఆడనివ్వకపోతే బూజు పడుతుంది.

4. నేలలో నాటడం

వేర్ల ముద్దకు రెండింతల వెడల్పు గుంట చాలు. మొక్క కుండీలో ఎంత లోతులో ఉందో నేలలోనూ అంతే లోతు. తీసిన మట్టిలో మూడో వంతు మాగిన కంపోస్ట్ కలిపి పూడ్చి, పాదు చేసి నిండుగా నీళ్లు పెట్టండి. పైన మూడు నాలుగు అంగుళాల మందాన ఆకులో గడ్డో పరవండి. కాండానికి మాత్రం అవి ఆనకూడదు, జానెడు జాగా వదలండి.

చలి దేశాల్లో మంచు తగ్గాక వసంతం మొదట్లో, వేడి ప్రాంతాల్లో వానలు మొదలయ్యాక నాటడం సుఖం.

5. మొదటి రెండేళ్లు

ఎల్డర్‌బెర్రీ వేర్లు పైపైనే పాకుతాయి. దీంతో రెండు పనులు పడతాయి. ఒకటి, మొదటి ఏడాది నేల ఎండిపోనివ్వకూడదు. వారానికి అంగుళం నుంచి రెండంగుళాల వానకు సరిపడా నీరు అందాలి. రెండు, కలుపును పారతోనో గునపంతోనో తవ్వకూడదు. కలుపుతో పాటు వేర్లు తెగుతాయి. చేత్తో పీకండి, మిగతాది పరిచిన ఆకులకు వదిలేయండి.

మొదటి ఏడాది వచ్చిన పూగుత్తులను తుంచేయండి. మనసొప్పదు, తెలుసు. కానీ ఆ బలం వేర్లకు వెళ్తేనే రెండో ఏడు నుంచి కాయ నిలుస్తుంది. నిండు కాపు మూడు, నాలుగో ఏట వస్తుంది.

ఎరువు: ఏటా మొగ్గ విచ్చుకునే ముందు ఒక తట్ట కంపోస్ట్ చాలు. రసాయన ఎరువు వేసేవాళ్లు 10-10-10 మిశ్రమాన్ని (నత్రజని, భాస్వరం, పొటాష్ తలా పది శాతం ఉన్నది) మొక్క వయసు ఏడాదికి సుమారు 225 గ్రాముల చొప్పున వేయొచ్చు, ఎంత పెద్ద పొదకైనా 1.8 కిలోలు దాటకూడదు. వేసవి సగం దాటాక ఎరువు వద్దు, లేత కొమ్మలు చలికి మాడిపోతాయి. ఆకులు ముదురు పచ్చగా, రెమ్మలు బారెడు పొడుగ్గా, పూత మాత్రం పలచగా ఉందంటే నత్రజని ఎక్కువైందని అర్థం. ఆ ఏడు ఇంకేమీ వేయకండి.

6. కత్తిరింపు

"పూత లేదు" అనేవాళ్లు ఈ భాగాన్ని మెల్లగా చదవండి.

అమెరికన్ జాతి ఆ ఏడాదే నేలలోంచి లేచిన కొత్త కొమ్మ మీద కూడా పూస్తుంది. బాబ్ గోర్డన్, వైల్డ్‌వుడ్ లాంటి రకాలనైతే మూడో చలికాలం నుంచి ఏటా పొదంతా నేల మట్టానికి నరికేయొచ్చు. పూత కాస్త ఆలస్యమవుతుంది, కానీ కాయలు దాదాపు ఒక్కసారే పండుతాయి, కాండం తొలిచే పురుగు పాత కొమ్మలతో పాటు బయటికి పోతుంది. పని తక్కువ కావాలంటే ఇదే దారి.

ఆడమ్స్, యార్క్ లాంటివాటికి రెండో పద్ధతి నయం. ఒకేడు, రెండేళ్లు, మూడేళ్ల కొమ్మలు తలా కొన్ని ఉంచి, మూడేళ్లు దాటినవాటిని మొదలంటా తీసేయండి. వయసు పోల్చుకోవడం కష్టం కాదు. ఏడాది కొమ్మకు పక్క రెమ్మలు దాదాపు ఉండవు, నున్నగా నిటారుగా ఉంటుంది. వయసు పెరిగే కొద్దీ పక్క రెమ్మలు చిక్కబడతాయి, బెరడు బూడిద రంగుకు తిరిగి పగుళ్లు వస్తాయి.

యూరోపియన్ జాతి ఎక్కువగా కిందటేడు పెరిగిన కొమ్మ మీద పూస్తుంది. దీన్ని నేల మట్టానికి నరికితే కొత్త కొమ్మలు ఏపుగా వస్తాయి, ఆకులు భలేగా ఉంటాయి, ఆ ఏడు పూత మాత్రం సున్నా. ఏటా చలికాలంలో ఇలాగే నరుకుతూ పోతే ఆ పొద జన్మలో పూయదు. బ్లాక్ లేస్‌ను ఆకుల అందం కోసం ఇలా నరకమని చెబుతారు. ఆ సలహా విని కాయల కోసం ఎదురుచూడకండి. కాయలు కావాలంటే ఏటా పాత కొమ్మల్లో మూడో వంతు మాత్రమే తీయండి.

మీది ఏ జాతో ఇప్పటికీ తేలలేదా? అయితే రెండు జాతులకూ నష్టం లేని పని ఇది: ఎండినవి, విరిగినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, బాగా ముదిరినవి తీసి మిగతాది ఒక ఏడాది ముట్టుకోకండి. పూత ఏ కొమ్మ మీద వచ్చిందో గుర్తు పెట్టుకోండి, మొక్కే చెబుతుంది.

కత్తిరింపు నిద్రాకాలంలో, అంటే ఆకు రాలి పెరుగుదల ఆగినప్పుడు, మొగ్గ ఉబ్బకముందే చేయాలి. ఆకు రాలని ప్రాంతాల్లో పెద్ద కాపు అయిపోయాక, చల్లటి రోజుల్లో చేసుకోండి. ఒక పొద నుంచి ఇంకో పొదకు వెళ్లేటప్పుడు కత్తెర తుడవండి. నరికిన కొమ్మలను పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. బెండు తోసేస్తే గొట్టంలా తయారవుతుంది, నోట్లో పెట్టుకుని ఊదుతారు. ఆ కొమ్మలో విషముంది.

7. పురుగులు, తెగుళ్లు, పక్షులు

పెద్దగా బెంగ పడక్కర్లేదు. పేనుబంక పడితే గట్టి నీటి ధారతో కడిగేయండి. ఒక కొమ్మ కొస ఉన్నట్టుండి వాడిపోతే దాని మీద పురుగు తొలిచిన రంధ్రం వెతకండి, రంధ్రానికి కింద, బెండు శుభ్రంగా కనిపించే దాకా కోసి ఆ ముక్కను తోటలో ఉంచకుండా నాశనం చేయండి. ఆకు కాడల మీద నారింజ రంగు పొడితో వాపు కనిపిస్తే తుప్పు తెగులు. ఆ భాగం తీసేయండి. దగ్గర్లో తుంగ జాతి కేరెక్స్ గడ్డి ఉంటే అదీ పీకేయండి, ఈ తెగులు అక్కడ సగం జీవితం గడుపుతుంది.

అసలు శత్రువు పక్షి. కాయ రంగు తిరగడం మొదలైన రోజే వల వేయాలి, నల్లబడ్డాక వేస్తే మిగిలేది కాడలే. వల అంచులు నేలకు బిగించండి, లేకపోతే కింది నుంచి దూరిన పక్షి అందులోనే చిక్కుకుంటుంది. బాబ్ గోర్డన్ రకంలో పండిన గుత్తి తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి పక్షికి కూర్చోవడం కష్టం, నష్టం కాస్త తక్కువ.

8. కోత

పూలు వాడుకోవాలనుకుంటే కొన్ని గుత్తులే కోయండి. కోసిన ప్రతి పూగుత్తీ రాబోయే కాయల గుత్తే.

కాయ పండిందని ఎలా తెలుస్తుంది? గుత్తిలో ప్రతి కాయా నల్లటి ఊదా రంగుకు రావాలి. నొక్కితే రసం ముదురుగా ఉండాలి. గుత్తి బరువుకు కిందికి వాలుతుంది. పచ్చ కాయలు అక్కడక్కడ ఇంకా కనిపిస్తుంటే రెండు మూడు రోజులు ఆగండి. ఒకే పొదలో గుత్తులన్నీ ఒకేసారి పండవు, రెండు మూడు విడతలుగా కోయాల్సి వస్తుంది.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు గుత్తినే కత్తెరతో కోయండి. కాయలు ఒక్కొక్కటి కోయబోతే చితికిపోతాయి. ఎండలో వదిలేయకండి, కోసిన కాయ గంటల్లోనే పులియడం మొదలెడుతుంది.

కాయలు వేరు చేయడానికి తేలిక దారి: గుత్తులను కడగకుండా కవరులో వేసి ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక కవరు పైనుంచే నలిపితే కాయలు గలగలా రాలిపోతాయి, కాడలు విడిగా వస్తాయి. తర్వాత గిన్నెడు నీళ్లలో పోయండి. పచ్చి కాయలు, ఆకు ముక్కలు పైకి తేలతాయి, వాటిని తీసేయండి. చేతులకు గ్లవుజులు వేసుకోండి.

అన్నీ కుదిరితే, ఎదిగిన అమెరికన్ పొద ఏడాదికి అయిదారు కిలోలు ఇస్తుంది.

9. వండటం, ఇది తప్పనిసరి

ఆకు, కాడ, బెరడు, వేరు, పచ్చికాయ, గింజ, వీటన్నింట్లో సయనైడ్‌ను విడుదల చేసే పదార్థాలుంటాయి. 1983 ఆగస్టులో కాలిఫోర్నియాలోని మాంటెరీ కౌంటీలో కొందరు కాయలను ఆకులు, కొమ్మలతో సహా పచ్చిగా నలిపి రసం తీసి తాగారు. వికారం, వాంతులు, తల తిరగడం మొదలై, ఎక్కువ జబ్బు పడ్డవాళ్లను హెలికాప్టర్‌లో ఆస్పత్రికి తరలించాల్సి వచ్చింది.

కాబట్టి కాడలు తీసేయండి, పచ్చి కాయలు ఏరేయండి, పండినవే వండండి. పచ్చిగా మిక్సీలో వేయకండి, గింజలు నలుగుతాయి. కాయలు మునిగేంత నీళ్లు పోసి, మూత పెట్టకుండా, గాలి ఆడే చోట ఇరవై నిమిషాలు బాగా మరగనివ్వండి. చల్లారాక పల్చటి బట్టలో వడకట్టి, గింజా తొక్కా పారేయండి. పూలనైతే పచ్చటి కాడలన్నీ తుంచి, రేకుల భాగమే వాడండి.

ఈ రసం ఫ్రిజ్‌లో అయిదారు రోజులు ఉంటుంది. అంతకంటే ఎక్కువ కాలం కావాలంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. సీసాలో పోసి అలమరలో పెట్టడం మాత్రం వద్దు. కాయ పుల్లగా అనిపించినా దీని పీహెచ్ 4.6 దాటవచ్చు, ఆ స్థాయిలో మూత పెట్టిన సీసాలో ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగగలదు.

జలుబుకు ఇది మందని చాలామంది వాడతారు. వాడుకుంటే వాడుకోండి గానీ డాక్టర్ ఇచ్చిన మందు మాని కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు, రోజూ మందులు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇంకా తేడాగా ఉందా?

పూత నిండుగా వచ్చి కాయ నిలవకపోతే తోడు రకం లేదని, లేదా పూత రోజుల్లో నేల ఎండిపోయిందని అనుమానించండి. కాయ నిలిచి, గింజంత ఉండగానే రాలిపోతుంటే దాదాపు ఎప్పుడూ నీటి ఎద్దడే. ఆకు అంచులు మాడి మధ్యలో పచ్చగా ఉంటే ఎండ దెబ్బ, పరిచిన ఆకుల మందం పెంచండి. పొద మధ్యలో ఆకులు పసుపుబారి రాలుతూ, నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటే వేరు కుళ్లు మొదలైంది. నీళ్లు ఆపి, నిద్రాకాలం రాగానే తవ్వి ఎత్తు మీద నాటండి. తవ్వేటప్పుడు పక్కన తెగిన పిలకలు రెండు కుండీలో పెట్టుకోండి, పెద్దది నిలదొక్కుకోకపోయినా అవి పనికొస్తాయి.